కొవ్వును ఆశ్రయించే క్రిమి: కొలెస్టరాల్ పరీక్ష కుష్ఠును పట్టి ఇవ్వగలదా?

మధుమేహమో రక్తపోటో ఉన్నవారు ఒక్కరైనా లేని ఇల్లు నేడు అరుదు. అటువంటి ప్రతి ఇంటా బీరువా అరలో రక్త పరీక్షల కాగితాలు దొంతరగా పడి ఉంటాయి. వాటిలో లిపిడ్ ప్రొఫైల్ అనే కాగితం తప్పక ఉంటుంది. మొత్తం కొలెస్టరాల్ ఎంత, చెడ్డ కొవ్వుగా పేరుపడిన ఎల్‌డిఎల్ ఎంత, మంచి కొవ్వుగా మనం చెప్పుకునే హెచ్‌డిఎల్ ఎంత అని అందులో అంకెలు వరుసగా కనిపిస్తాయి. గుండె జబ్బు ముప్పును అంచనా వేయడానికే ఆ కాగితాన్ని చూడటం మనకు అలవాటు. అయితే ఇదే పరీక్ష కుష్ఠు వ్యాధిని గుర్తుపట్టడానికీ తోడ్పడుతుందా అన్న ప్రశ్న పరిశోధకులను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. వినగానే పొంతన లేనట్టు తోచినా ఈ ప్రశ్న వెనుక గట్టి కారణమే ఉంది. కుష్ఠు క్రిమి మనిషి శరీరంలోని కొవ్వును ఆశ్రయించుకుని బతికే జీవి.

అసలు కుష్ఠుకు రక్త పరీక్ష కోసం ఇంత వెతుకులాట దేనికి? ఆ వ్యాధి ఎప్పుడో పోయింది కదా అని చాలామంది అనుకుంటున్నారు. పోలేదు. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో ప్రతి 10,000 మందికి ఒకరి కంటే తక్కువ మంది రోగులు మిగిలారు. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిపోయిందని అప్పుడు ప్రకటించారు. ఆ ప్రకటనను జనం వ్యాధి నిర్మూలనగా అర్థం చేసుకున్నారు. నిజానికి 2023లో ప్రపంచవ్యాప్తంగా 1 లక్షా 82 వేలకు పైగా కొత్త రోగులు నమోదైతే, వారిలో 1 లక్షా 7 వేలకు పైగా మన దేశంవారే. అంటే ప్రపంచపు కొత్త కేసుల్లో సగానికి పైగా ఇక్కడివే. వ్యాధి పోయిందన్న నమ్మకం వల్ల ఒంటిపై మచ్చ కనిపించినా కుష్ఠు అన్న ఆలోచన ఇంటివారికి రాదు. ఒక్కోసారి వైద్యుడికీ రాదు. తామర మందు ఒకటి, ఎలర్జీ మందు ఒకటి అంటూ నెలలు గడిచిపోతాయి. ఈలోగా నరం దెబ్బతింటుంది. క్రిమిని చంపే మందులు మన వద్ద ఉన్నాయి గాని, చచ్చిన నరాన్ని తిరిగి బతికించే మందు లేదు. కుష్ఠు విషయంలో ఆలస్యానికి చెల్లించే మూల్యం చేతివేళ్ళు, పాదాలు, కళ్ళు.

ఈ క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. మనిషిలో రోగం కలిగించే సూక్ష్మజీవుల్లో మొట్టమొదట గుర్తించిన వాటిలో ఇదొకటి. అయినా 150 ఏళ్ళు దాటిన తరువాత కూడా దీన్ని ప్రయోగశాల పాత్రలో పెంచడం ఎవరికీ సాధ్యపడలేదు. 1960లో ఎలుక పాదంలోను, 1971లో ఆర్మడిల్లో అనే అమెరికా ఖండపు జంతువులోను పెంచగలిగారు, అంతే. టైఫాయిడ్‌కు చేసినట్టు రోగి రక్తాన్ని పాత్రలో వేసి, క్రిమి పెరుగుతుందో లేదో చూసే వీలు దీనికి లేదు. పైగా అది పరమ మందగామి. సాధారణ బాక్టీరియా అరగంటలోపే రెండింతలవుతుంటే, ఇది ఒక్కసారి చీలి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. ఒంట్లో ప్రవేశించాక లక్షణాలు పైకి తేలడానికి సగటున 5 ఏళ్ళు, కొందరిలో 20 ఏళ్ళు కూడా పడుతుంది.

ఇక కొవ్వు సంగతికి వద్దాం.

19వ శతాబ్దంలో జర్మనీ శాస్త్రవేత్త విర్చో కుష్ఠు రోగుల చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అందులో నురగతో నిండినట్టు కనిపించే పెద్ద కణాలను వర్ణించాడు. ఇప్పటికీ వాటిని విర్చో కణాలనే అంటున్నారు. ఆ నురగ నిజానికి కొవ్వు బిందువులు. రోగక్రిములను మింగి అరాయించుకోవడానికి మన శరీరం నియమించుకున్న రక్షక కణాలివి. కుష్ఠు క్రిమిని మింగిన తరువాత ఇవి దాన్ని చంపలేకపోగా, దాని కోసం కొవ్వును పోగుచేసే గిడ్డంగులుగా మారిపోతాయి. కాపలాదారుడే దొంగకు అన్నం పెట్టి పడక వేసినట్టు! ఆ కొవ్వు క్రిమి సొంతంగా తయారుచేసుకున్నదని చాలాకాలం భావించారు. అందులో చాలా భాగం రోగిదేనని, రక్తంలో తిరిగే ఎల్‌డిఎల్ నుంచి కూడా కొలెస్టరాల్‌ను కణంలోకి లాగుతున్నదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఈ దిశగా బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరంలో ఉన్న ఓస్వాల్డో క్రూజ్ సంస్థ శాస్త్రవేత్తలు చేసిన కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కుష్ఠు కేసుల్లో భారతదేశం తరువాతి స్థానం బ్రెజిల్‌దే కనుక, ఆ దేశానికి ఇది ఇంటి సమస్య.

ఇక్కడొక చిత్రమైన విషయం ఉంది. కుష్ఠు క్రిమికి దగ్గరి బంధువైన క్షయ క్రిమి కూడా కొలెస్టరాల్‌ను కోరుకుంటుంది. అయితే క్షయ క్రిమి దాన్ని ఆహారంగా తింటుంది, విరగ్గొట్టి శక్తిని పొందుతుంది. కుష్ఠు క్రిమికి ఆ సామర్థ్యం లేదు. 2001లో దాని జన్యుపటం వెలువడినప్పుడు శాస్త్రవేత్తలు విస్తుపోయారు. పనిచేసే జన్యువులు సుమారు 1,600 మాత్రమే ఉండగా, పాడుబడి మూలపడిన జన్యువులు 1,100 వరకు ఉన్నాయి. కొలెస్టరాల్‌ను తిని జీర్ణించుకునే జన్యువుల్లో అత్యధికం ఆ పాడుబడిన వాటితోనే పోయాయి. అది చేయగలిగిందల్లా కొలెస్టరాల్‌ను కొద్దిగా మార్చి కొలెస్టినోన్ అనే మరో పదార్థంగా చేయడమే. తినలేని సరుకును అది అంతగా పోగుచేయించడానికి కారణం, ఆ కొవ్వు చుట్టూ ఉంటే తనకు రక్షణ దొరకడమే. రక్షక కణం నుంచి కొలెస్టరాల్‌ను తప్పిస్తే క్రిమి బలహీనపడుతుందని కూడా ప్రయోగాలు చూపాయి. కొలెస్టరాల్ తగ్గించడానికి గుండె రోగులకు ఇచ్చే స్టాటిన్ మాత్రలను కుష్ఠు మందు రిఫాంపిసిన్‌తో కలిపి ప్రయోగశాలలోని కణాలపైన, ఎలుకలపైన పరీక్షించినప్పుడు మందు ప్రభావం పెరిగింది. ఇదంతా ఎలుకల వరకే సుమా! గుండె కోసం వాడుతున్న స్టాటిన్ కుష్ఠును కూడా చూసుకుంటుందని గాని, కుష్ఠు ఉన్నవారు తమంత తాముగా ఆ మాత్ర మొదలుపెట్టవచ్చని గాని ఎవరూ అనుకోరాదు.

కొవ్వుతో ఈ వ్యాధికి ఉన్న చుట్టరికం చికిత్స చరిత్రలోనూ కనిపిస్తుంది. సల్ఫా మందులు రాకపూర్వం మన దేశంలో కుష్ఠుకు దిక్కు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె ఒక్కటే. నిజాం పాలనాకాలంలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన ఆసుపత్రిలో 1920లలో ఈ తరహా నూనెనే ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తం విరాళమిచ్చినవాడు నిజామాబాద్ ప్రాంతపు ధనికుడు రాజా నర్సాగౌడ్. ఆ సూదులు ఎంత బాధాకరమో, ఫలితం ఎంత అనిశ్చితమో ఆనాటి వైద్యులే రాసుకున్నారు. నేటి మూడు మందుల్లో ఒకటైన క్లోఫాజిమిన్ కూడా కొవ్వులో కరిగి, కొవ్వు కణాల్లోనే నెలల తరబడి నిలువ ఉంటుంది. అందుకే దాన్ని వాడేవారి చర్మం నల్లబారుతుంది.

క్రిమి ఇంతగా కొవ్వును పోగుచేస్తున్నప్పుడు, రక్తంలో కొలెస్టరాల్ తగ్గాలి కదా? ఈ ఊహతో మన దేశంలోను, ఇతర దేశాల్లోను ఎన్నో ఆసుపత్రులలో రోగుల రక్తాన్ని పరీక్షించారు. లెప్రోమాటస్ అనే తీవ్రమైన రకం కుష్ఠులో, అంటే ఒళ్ళంతా క్రిములు కోట్లాదిగా పెరిగిపోయిన రోగులలో, మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డిఎల్ తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపాయి. కొన్ని అధ్యయనాల్లో తేడా కనిపించలేదు. ఏవో ఒకటి రెండు మచ్చలతో ఆగిపోయే తేలికపాటి రకంలోనైతే రక్తపు అంకెలు ఆరోగ్యవంతుల అంకెలకు చాలా దగ్గరగానే ఉంటాయి. అంటే, రోగం ముదిరి, వైద్యుడు కంటితో చూసి చెప్పగల స్థితికి వచ్చినవారిలోనే ఈ పరీక్ష కొంత మాట్లాడుతుంది. ముందుగా పట్టుకుంటే నరాలు దక్కే తొలిదశ రోగుల విషయంలో మౌనం వహిస్తుంది. మనకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు.

ఇంకొక చిక్కు ఉంది. కొలెస్టరాల్ తగ్గడానికి కుష్ఠు ఒక్కటే కారణం కాదు. క్షయలో తగ్గుతుంది, పోషకాహార లోపంలో తగ్గుతుంది, కాలేయ వ్యాధుల్లో తగ్గుతుంది, థైరాయిడ్ అతిగా పనిచేస్తే తగ్గుతుంది. దీర్ఘకాలం సాగే ఏ అంటురోగంలోనైనా హెచ్‌డిఎల్ పడిపోతుంది. స్టాటిన్ వాడేవారిలో ఎల్‌డిఎల్ తగ్గడం మందు చేసిన పని. పేదరికం, పోషణ లోపం ఉన్నచోటే కుష్ఠు ఎక్కువ. అటువంటి చోట కొలెస్టరాల్ తక్కువగా ఉన్నవారందరినీ అనుమానిస్తే ఊరు ఊరంతా అనుమానితుల జాబితాలో చేరుతుంది.

అంకెలు చూడకుండా హెచ్‌డిఎల్ గుణాన్ని చూసిన ఒక అధ్యయనం మాకు వీటన్నిటికంటే ఆసక్తికరంగా తోచింది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో దాన్ని ప్రచురించారు. కుష్ఠు గాయాలలో పోగుపడే ఒక రకం పాడైన కొవ్వు రోగనిరోధక కణాల చేతులు కట్టేస్తుంది. ఆరోగ్యవంతుల హెచ్‌డిఎల్ ఆ కట్టు విప్పగలిగింది. లెప్రోమాటస్ రోగుల హెచ్‌డిఎల్ విప్పలేకపోయింది. అంటే మంచి కొవ్వు ఎంత ఉన్నదన్నది ఒక సంగతి, అది తన మంచితనాన్ని నిలుపుకున్నదా అన్నది మరో సంగతి. మన వీధి చివరి ల్యాబ్ కొలిచేది మొదటిదాన్నే. రెండవదాన్ని కొలిచే పరీక్ష మామూలు ల్యాబుల్లో లేదు. భవిష్యత్తులో కొవ్వుల ఆధారంగా కుష్ఠుకు మంచి పరీక్ష వస్తే, అది ఈ దారినే వస్తుందని మా అంచనా. క్రిమి పొరలోని ఒక ప్రత్యేక కొవ్వుపై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెతికే త్వరిత పరీక్ష ఇప్పటికే ఉంది. రోగుల ఇంటివారిని గమనించడానికి బ్రెజిల్ 2022 నుంచి ప్రభుత్వ వైద్యంలో దాన్ని వాడుతోంది. అది కూడా క్రిములు ఎక్కువగా ఉన్నవారినే బాగా పట్టి ఇస్తుంది. ఒకటి రెండు మచ్చలవారిలో తరచు ఏమీ చూపదు.

కాబట్టి నేటికీ కుష్ఠు నిర్ధారణ వైద్యుడి కన్నూ చెయ్యీ చేసే పని. స్పర్శ కోల్పోయిన మచ్చ, ఉబ్బి గట్టిపడిన నరం, చర్మపు కోత నుంచి తీసిన ద్రవంలో కనిపించే క్రిమి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా కుష్ఠు అని తేలుతుంది. మొదటిదాన్ని ఇంట్లోనే కొంతవరకు చూడవచ్చు. చుట్టూ చర్మం కంటే కొంచెం పాలిపోయి గాని ఎర్రబారి గాని కనిపించే మచ్చ, దురద లేనిది, చెమట పట్టనిది, వెంట్రుకలు రాలినది ఉంటే అనుమానించాలి. కళ్ళు మూసుకోమని చెప్పి, బాల్ పెన్ను మొనను ఒకసారి మామూలు చర్మంపైన, ఒకసారి మచ్చపైన మెల్లగా తాకించి, తాకినచోట వేలు పెట్టమనాలి. మచ్చపైన మళ్ళీ మళ్ళీ చెప్పలేకపోతే మరునాడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మచ్చలు లేకుండా వచ్చే రకం కూడా ఉంది. ముఖం నూనె రాసినట్టు మెరవడం, చెవి తమ్మెలు దళసరెక్కడం, కనుబొమల వెంట్రుకలు బయటి కొసల నుంచి రాలిపోవడం దాని గుర్తులు. కొలెస్టరాల్ తగ్గే అవకాశమున్న రకం అదే.

మచ్చ అనగానే మన ఇళ్ళల్లో రెండు వ్యాధులను కలగలుపుతారు. బొల్లి వేరు, కుష్ఠు వేరు. అరబీ, ఉర్దూ భాషల్లో కూడా బరస్, జుజామ్ అని వీటికి వేర్వేరు పేర్లున్నాయి. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, తాకితే తెలుస్తుంది, ఎవరికీ అంటదు. కుష్ఠు మచ్చ అంత తెల్లగా మారదు, తాకితే తెలియదు. ఈ తేడా తెలియక బొల్లి ఉన్న ఆడపిల్లలకు సంబంధాలు తప్పిపోతున్నాయి, కుష్ఠు ఉన్నవారు బొల్లి మందులు పూసుకుంటూ కాలం పోగొట్టుకుంటున్నారు. మధ్యయుగపు ముస్లిం వైద్యులు జుజామ్ గురించి విడిగా గ్రంథాలే రాశారు. కైరవాన్ నగరపు ఇబ్నుల్ జజ్జార్ రాసినది లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపా వైద్యులకు పాఠమైంది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (పాలన 705–715) ఈ రోగులు యాచించకుండా ఉండేందుకు ప్రభుత్వ ఖజానా నుంచి భృతి ఏర్పాటు చేశాడని చరిత్రకారులు నమోదు చేశారు.

ఇంటి స్త్రీల విషయం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. వీపుపైన, తొడపైన, నడుము పైన ఉన్న మచ్చ బట్టల మాటున ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. స్త్రీలు దాన్ని మగ వైద్యుడికి చూపడానికి వెనుకాడతారు, ఇంట్లోవారికి చెప్పడానికి భయపడతారు. ఇంటింటికీ తిరిగి కుష్ఠును గుర్తించే ప్రభుత్వ కార్యక్రమంలో ఆశా కార్యకర్త ఒకరు, పురుష కార్యకర్త ఒకరు జంటగా వస్తారు. స్త్రీలను ఆశా కార్యకర్తే లోపలి గదిలో చూస్తుంది. వారు వచ్చినప్పుడు తలుపు దగ్గరే మా ఇంట్లో ఎవరికీ లేదని పంపివేయడం మన పేటల్లో మామూలైపోయింది. పొయ్యి మీది పెనం తగిలి చెయ్యి కాలినా నొప్పి తెలియలేదని ఏ ఇల్లాలైనా అంటే అది ఓర్పు కాదు, నరం ఇస్తున్న హెచ్చరిక. వుజూ చేసేటప్పుడు నీటి వేడి ఒక పాదానికి తెలిసి రెండో పాదానికి తెలియకపోయినా అంతే. రోజుకు ఐదుసార్లు ముఖమూ చేతులూ పాదాలూ కడుక్కునేవారికి ఈ తేడా ఇతరులకంటే ముందుగా తెలిసే వీలుంది.

ఒక కాగితంలోని అంకెను చూసి ఎవరి మీదైనా ఈ వ్యాధి ముద్ర వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి చట్టం చరిత్ర చాలు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్తకు కుష్ఠు ఉండటం భార్య విడాకులు కోరడానికి ఒక కారణంగా ఉండేది. హిందూ, క్రైస్తవ వివాహ చట్టాల్లోనూ ఇటువంటి నిబంధనే ఉండేది. చికిత్సతో నయమయ్యే వ్యాధిని విడాకులకు కారణం చేయడం అన్యాయమని గుర్తించి 2019లో పార్లమెంటు వీటన్నిటి నుంచి కుష్ఠును తొలగించింది. చట్టం మారింది. పెళ్ళి చూపుల గదిలో, కాపురాల మధ్యలో ఆ మాటకున్న పదును మాత్రం తగ్గలేదు. ఇది నిజంగా ఉన్నవారికే ఇంత కష్టమైతే, ల్యాబు కాగితంలో హెచ్‌డిఎల్ తక్కువగా ఉందని లేనివారికి అంటగట్టడం ఎంతటి దుర్మార్గమో ఊహించుకోవచ్చు.

చికిత్స గురించి చెప్పవలసింది తక్కువే. వ్యాధి తేలితే మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇస్తారు. మచ్చలు ఐదు వరకు ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు వాడాలి. నెలకు ఒకసారి వేసే రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే ఒంట్లోని క్రిముల్లో దాదాపు అన్నీ నశిస్తాయి. ఆ పైన రోగి నుంచి ఇతరులకు వ్యాధి సోకే భయం ఉండదు. గిన్నెలు వేరు చేయడం, పడక వేరు చేయడం అనవసరం. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లబడుతుంది. మందులు ఆపాక కొన్ని నెలలకు రంగు తిరిగి వస్తుంది. చికిత్స నడుమ మచ్చలు ఒక్కసారిగా ఉబ్బి ఎర్రబడినా, నరం వెంట నొప్పి పుట్టినా, కాలు ఈడ్చుకుపోయినా మందు వికటించిందని మానేయకూడదు. క్రిమితో శరీరం చేసే పోరాటంలో అది ఒక ఘట్టం. వెంటనే వైద్యుడి వద్దకు వెళితే స్టెరాయిడ్ మందుతో నరాన్ని కాపాడతారు. ఇంతవరకూ మందు వాడని రోగితో ఒకే కప్పు కింద బతికిన ఇంటివారికి రిఫాంపిసిన్ ఒకే ఒక్క మోతాదు ఇస్తారు. బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరీక్షలో ఆ ఒక్క మోతాదు తొలి రెండేళ్ళలో వ్యాధి వచ్చే అవకాశాన్ని సగానికి పైగా తగ్గించింది. ఇంట్లో ఒకరికి కుష్ఠు ఉందని తేలిన రోజున మిగిలినవారు ల్యాబుకు వెళ్ళి కొలెస్టరాల్ చూపించుకోనక్కరలేదు. అదే ఆరోగ్య కేంద్రంలో ఒళ్ళంతా ఒకసారి చూపించుకుని, ఆ ఒక్క మోతాదు వేసుకుని రావాలి.